కరెంటు పీకితే రుబ్బు ఆగె, రుబ్బు ఆగితే బండి ఆగె: వీధిలో ఆపద నిధి పెట్టుకుంటే నిలబడుతుందా?

కొర్లగుంట కుర్రోడు · శుక్రవారం రాత్రి 10:42

అన్నలూ, అక్కలూ, రొంత పొడుగ్గా రాస్తా ఉండా, ఓపిక పట్టి చదవండి.

మా ఇంటికి మూడిండ్ల అవతల ఒక అక్క ఉంది. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ కాడ పొద్దున్నే ఇడ్లీ బండి పెడుతుంది. వాళ్లాయన ఒక లాడ్జీలో రూంబాయి. రెండు నెలల కిందట మెట్ల మీద నీళ్ల బకెట్టుతో జారి పడి కాలు విరిగింది. ఆపరేషను ఆరోగ్యశ్రీ కింద అయిపోయింది, చేతి నుంచి పెద్దగా పడలేదు. కాని ఇంకా కాలు కింద పెట్టకూడదంట. లాడ్జీలో జీతం రోజు లెక్క. పోయిన రోజుకు ఉంటుంది, పోని రోజుకు లేదు.

బాడుగ నెలకు 5,500. రెండు నెలలు నిలిచిపోయింది. కరెంటుకు సబ్‌మీటరు (ఓనరు మీటరు కింద ఉండే చిన్న మీటరు), యూనిట్‌కు 10 రూపాయలు, ఓనరు చేతికే ఇయ్యాల. అదీ రెండు నెలలది 1,800 బాకీ. బుధవారం పొద్దున ఓనరు వచ్చినాడు. గలాటా ఏమీ చెయ్యలేదు, గొంతు కూడా పెంచలేదు. బోర్డులో ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోయినాడు.

నేను ముందు పిల్లోళ్ల చదువు గురించి, ఫ్యాను గురించే అనుకున్నా. అసలు సంగతి సాయంత్రానికి గాని నా బుర్రకు ఎక్కలేదు. అక్క మా గేటు కాడ నిలబడింది. చంకలో నానిన ఉద్దిపప్పు గిన్నె, కాళ్ల దగ్గర బియ్యం బకెట్టు. "అబ్బోడా, మీ మిక్సీలో తిప్పుకుంటా, కరెంటు ఎంతయితే అంత ఇచ్చేస్తా" అనింది. ఇడ్లీ బండికి పిండి గ్రైండరులో పడాల గాని ఇంట్లో మిక్సీలో ఎంతని పడుతుంది? మూడో వాయికే మా అమ్మ మిక్సీ కాలిన వాసన కొట్టి నిలబడిపోయింది. మా ఇల్లంతా అదే వాసన. అక్క ఆ బరక పిండి తీసుకుని, మిక్సీ దిక్కు చూసి, ఏమీ అనకుండా పోయింది. గురువారం బండి రాలేదు.

బాడుగ కట్టలేదని కరెంటు పీకినాడు. కరెంటు లేక రుబ్బు లేదు. రుబ్బు లేక బండి లేదు. బండి లేకపోతే బాడుగ ఎట్లా వస్తుంది? ఓనరుకైనా ఆ మాట తట్టాల కదా.

మా గ్రూపులో అడిగితే 14 మంది కలిసి ఒక్క రాత్రిలో 9,300 వేసినారు. ఒక నెల బాడుగ, కరెంటు బాకీ కలిపి 7,300 ఈ పొద్దు కట్టేసినాం. ఫ్యూజు వచ్చింది. ఇంకా 2,000 మిగిలింది.

అడిగేది ఏమంటే, ఈ 2,000తో మొదలుపెట్టి దీన్నే శాశ్వతంగా ఆపద నిధి మాదిరి నడపొచ్చునా? ఎవరికియ్యాల, ఎంతియ్యాల, తిరిగి అడగాలా వద్దా? చేసి చూసినోళ్లు చెప్పండి.

సంగటి ముద్ద · శుక్రవారం రాత్రి 11:15

చేసి చూసినోన్ని నేనున్నా తమ్ముడూ. మంచి పని చేసినారు, దండం పెడతా. ఇంక ఆ 2,000కి ఆ ఇంటికి ఒక మూట బియ్యం తీసిచ్చి అంతటితో ఆపెయ్.

2020 సంగతి గుర్తుండే ఉంటుంది. మార్చి 20న దర్శనాలు ఆపేసినారు. మళ్లీ సామాన్య భక్తుడు కొండెక్కింది జూన్ 11న. ఆ మధ్యలో ఈ ఊరు ఎట్లా బతికిందో బయటోళ్లకు తెలీదు. లాడ్జీలు, జీపులు, పూలంగళ్లు, బొమ్మలంగళ్లు, గుండ్లు గీసేవాళ్లు, అందరిదీ ఒకటే గతి. అయినా తిండికి లోటు రాలేదు. దేవస్థానం పొట్లాలు పంచింది, సంఘాలు పంచినాయి. మా వీధికి ఒక్కో పూట మూడు బండ్లు వచ్చేవి, మిగిలిన పెరుగన్నం ఆవులకు పెట్టినాం. అదే వీధిలో నాలుగు కుటుంబాలు మాత్రం బాడుగ కట్టలేక, సడలింపు ఇచ్చిన వారంలోనే సామాను సర్దుకుని ఊర్లకు పోయినాయి. మంచాలు కూడా ఓనరు దగ్గరే వదిలేసి.

ఆకలి అన్నోడికి ఈ ఊర్లో ఎవురో ఒకరు పొట్లం పెడతారు. బాడుగకు పొట్లం కట్టిచ్చేది ఎవురు?

అందుకే మేమూ పెట్టినాం నిధి. మూడు నెలలు బాగా నడిచింది. నాలుగో నెల ఒకాయన "మా పెద్దమ్మ కొడుక్కి ఎందుకియ్యలేదు" అన్నాడు. ఇంకొకాయన తాను వేసిన దుడ్లు లెక్క చూపమన్నాడు. చూపే పుస్తకం రాసేవాడే 6,000 వాడుకున్నాడని తేలింది. నాకు చిన్నప్పటి స్నేహితుడు వాడు. ఇప్పుడు నేను ఎదురైతే సందులోకి తిరుక్కుంటాడు. దుడ్లు పోతే పోయినాయి, మనిషి పోయినాడు నాకు.

లైన్ల మీద బతికినోడు · శనివారం ఉదయం 6:20

కరెంటు శాఖలో 31 ఏళ్లు చేసి రిటైరైనాను. నిధి సంగతి మీరు తేల్చుకోండి, నేను 10 రూపాయల సంగతి చెప్తాను. నిధి పెట్టినా పెట్టకపోయినా ఆ చిల్లు పూడ్చకపోతే ఎంత పోసినా కారిపోతుంది.

మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు 2022లో వచ్చిన స్లాబులు చూడండి. తొలి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. రెండు నెలలకు 1,800 అంటే ఆ అమ్మాయి నెలకు 90 యూనిట్లు కాల్చింది. సొంత మీటరుంటే 30కి 57 రూపాయలు, 45కి 135, మిగతా 15కి 67.50. మొత్తం 259.50. ఫిక్సెడ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు పైన కొంత పడతాయి. ఎంత వేసుకున్నా 900 ఎట్లా అవుతుంది?

ఇల్లు కట్టినాయన పేరుతోనే మీటరు ఉండాలనే రూలు లేదు. 2003 విద్యుత్ చట్టంలో 43వ సెక్షను ఇంటి యజమానికో, ఆ ఇంట్లో ఉండేవాళ్లకో అడిగితే కనెక్షను ఇవ్వాలంటుంది. 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఇవ్వలేదనే కారణం చూపి బాడుగకున్నవాళ్లకు కరెంటు నిరాకరించకూడదని.

ఇంకొకటి. సొంత మీటరు ఉన్నవాళ్లు బిల్లు కట్టలేకపోయినా వెంటనే లైను కోసెయ్యకూడదు. అదే చట్టం 56వ సెక్షను ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. బిల్లు మీద తగాదా ఉంటే అడిగిన మొత్తమో, గడిచిన 6 నెలల సగటు లెక్కనో అభ్యంతరం తెలుపుతూ కట్టేస్తే, తగాదా తేలేదాకా కోయరు. సబ్‌మీటరు వాళ్లకు ఈ 15 రోజులు లేవు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసే దారి లేదు, బిల్లు కాగితమే లేదు. ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 200 యూనిట్ల దాకా ఇచ్చే రాయితీ కూడా సర్వీసు పేరును బట్టే. ఓనరు మీటరు కింద బతికేవాళ్లకు అందదు.

మా వాడ ఓనరు · శనివారం ఉదయం 8:05

పెద్దాయనకు నమస్కారం. కాని ఓనరంటే రాక్షసుడన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రెండు మాటలు చెప్పాలి.

నాకు నాలుగు పోర్షన్లు. ఒకటే మీటరు. మీ స్లాబుల లెక్క ఒక్క ఇంటికి. నాలుగిళ్లు ఒకే మీటరులో తిరిగితే ఎంతవుతుందో అదీ చెప్పండి. మోటరు నా లెక్క, మెట్ల లైటు నా లెక్క. ఇంటి లోనుకు నెలకు 18,400 కంతు పోతుంది, ఇద్దరు బాడుగ ఆపితే బ్యాంకువాళ్లు నాకు ఫోను చేస్తారు గాని వాళ్లకు చెయ్యరు. ఫ్యూజు నేనెప్పుడూ పీకలేదు. పీకాలనిపించిన రోజులు ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

లైన్ల మీద బతికినోడు · శనివారం ఉదయం 8:40

న్యాయమైన ప్రశ్న. నాలుగు పోర్షన్లు, ఒక్కోటి 90 యూనిట్లు, మొత్తం 360. తొలి 75కి 192, తర్వాతి 50కి 225, ఆ పైన 100కి 600, చివరి 135కి 8.75 చొప్పున 1,181.25. కూడితే 2,198.25. అదే నాలుగు వేరు మీటర్లయితే 1,038. అంటే ఒకే మీటరు పెట్టుకున్నందుకే బిల్లు రెట్టింపు దాటింది. ఇది మీ తప్పూ కాదు, వాళ్ల తప్పూ కాదు, స్లాబుల తీరు అంతే. వాడకం ఒకచోట పోగైతే అందరూ పై స్లాబులోకి ఎక్కుతారు.

అయితే ఆ లెక్కనైనా యూనిట్ సుమారు 6.10 పడుతుంది. మోటరుకు, చార్జీలకు ఇంకొంత వేసుకోండి. 10 వసూలు చేస్తే నాలుగిళ్ల మీద 3,600. మధ్యలో ఎంత మిగులుతుందో మీకే తెలుసు.

మా వాడ ఓనరు · శనివారం ఉదయం 8:52

నేను 8 తీసుకుంటాను సార్. పోర్షనుకొక మీటరు పెట్టించాలంటే వైరింగు మార్చాలి, డిపాజిట్లు కట్టాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అయినా మీరు రాసిన 1,038 సంగతి నాకు ఇన్నాళ్లూ తెలీదు. ఎలక్ట్రీషియన్ని ఒకసారి అడిగి చూస్తాను.

నల్లకోటు · శనివారం మధ్యాహ్నం 1:30

కోర్టు లంచ్‌లో రాస్తున్నా, క్లుప్తంగా. బాకీ ఉన్నంత మాత్రాన కరెంటు తీసెయ్యడం, నీళ్లు ఆపడం, తాళం వెయ్యడం, సామాను బయట పెట్టడం, ఇవేవీ ఓనరు చేతిలో పనులు కావు. ఖాళీ చేయించాలంటే నోటీసు ఇచ్చి, తర్వాత కోర్టుకు పోవాలి. నెల బాడుగకు ఉన్నవాళ్లకు, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసు. అందులో "ఖాళీ చెయ్" అని ఉన్నా మర్నాడే వీధిలో పడేస్తారని కాదు.

ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 1987 చట్టం ప్రకారం. న్యాయ సేవల సంస్థ నంబరు 15100కు ఫోను చేస్తే చాలు. కేసు దాకా పోకుండా ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేయించడం కూడా వాళ్ల పనే.

ఇంతా చెప్పి ఒక మాట. ఇడ్లీ బండి అక్కకు నేను కేసు వెయ్యమని చెప్పను. కేసు తేలేలోపల పిండి పులిసి పోతుంది. ఆ 7,300 కట్టడమే సరైన పని. ఓనరుతో మాట్లాడేటప్పుడు చట్టం జేబులో ఉందని తెలిస్తే గొంతు వణకదు, అంతవరకే దాని ఉపయోగం.

సంగటి ముద్ద · శనివారం మధ్యాహ్నం 1:44

పిండి పులిస్తే దోసెలు పోసుకోవచ్చు లాయరు సారూ.

పొదుపక్క · శనివారం సాయంత్రం 5:10

నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్‌పీగా, అంటే రిసోర్సు పర్సన్‌గా చేస్తున్నా. మా మహిళా సంఘాల్లో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతా ఉంది, మీరు దానికి పేరు పెట్టినారు, అంతే. పది మంది సంఘంలో పొదుపు డబ్బులోంచి రూపాయి వడ్డీకి అంతర్గత అప్పు ఇస్తాం. సంఘాల వాళ్లకిచ్చే స్త్రీనిధి లోను కూడా ఉంది. అయితే ఒక చిక్కు. సంఘంలో పేరు లేని ఆడమనిషికి, కొత్తగా ఊర్లోకి వచ్చినోళ్లకు, బ్యాంకు కంతు ఎగ్గొట్టిన సంఘం వాళ్లకు ఇవేవీ అందవు. ఆ ఇడ్లీ బండి అక్క సంఘంలో ఉందా కుర్రోడా? ఉండి ఉంటే రెండు నెలలు ఆగి ఉండదు.

సంఘం లేనోళ్లు యాడికి పోతారంటే రోజు ఫైనాన్సుకు. 10,000 అంటాడు, చేతికి 8,500 ఇస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. సాయంత్రం ఆరైతే బండి కాడ స్కూటరు నిలబెట్టి, కార్డులో టిక్కు పెట్టుకుని పోతాడు. ఒక్క రోజు తప్పితే మర్నాడు రెండు వందలు. బాడుగకని తీసుకున్న అప్పు తీర్చేదానికి మళ్లీ బాడుగ దుడ్లు పోతాయి. మెడలో గొలుసు, చెవుల్లో కమ్మలు కుదవకు పోయేది ఇట్లానే. అందుకే నా మాట, మీ నిధి ఎంత చిన్నదైనా ఫైనాన్సు స్కూటరు రాకముందే చేరాల. పది రోజుల తర్వాత ఇచ్చే పదివేల కంటే ఆ పొద్దే ఇచ్చే రెండువేలు మేలు.

తిరిగి అడగాలా అంటే, అడగండి, అప్పంటేనే మనిషికి మర్యాద. వడ్డీ మాత్రం వద్దు.

ఆటోనగర్ అమ్మణ్ణి · శనివారం సాయంత్రం 6:35

పొదుపక్కా, మన్నించు, అప్పు మాట నాకు నచ్చలేదు. తీసుకున్న పక్కన నిలబడి చెప్తున్నా.

2021 నవంబరు 18. ఆ వాన ఎవరూ మరిచిపోయి ఉండరు. మా ఇంట్లో మోకాళ్ల పైకి నీళ్లు. మూడు రోజుల తర్వాత నీళ్లు దిగితే గోడలు చెమ్మ, స్విచ్చు తాకితే షాకు. ఓనరు "వైరింగు మీరే చేయించుకోండి, లేకపోతే ఖాళీ చెయ్యండి" అన్నాడు. అప్పుడు సాయం చేసేవాళ్లు చాలామందే వచ్చినారు, కాదనను. ఏడు దుప్పట్లు వచ్చినాయి మాకు. ఆరబెట్టుకునేదానికి దండెం కట్టే చోటు లేదు, దుప్పట్లు మాత్రం ఏడు. ఒకరు బియ్యం సంచి ఇచ్చి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడమని ఫోటో తీసుకున్నారు. మా పాప అప్పుడు ఎనిమిదో తరగతి. ఆ ఫోటో వాళ్ల క్లాసు పిల్ల అమ్మ ఫోనులో స్టేటస్‌గా వచ్చింది. రెండు రోజులు బడికి పోలేదు.

పని జరిగింది ఒక రిటైర్డు టీచరమ్మ వల్ల. ఆమె మా ఇంట్లోకి అడుగు పెట్టలేదు, ఏమి కావాలని కూడా అడగలేదు. ఎలక్ట్రీషియన్ని పంపించి, వైర్లకు, కొత్త బోర్డుకు అయిన 3,200 వాడికే ఇచ్చేసింది. ఎవరు పంపినారో వాడు పోయేటప్పుడు నోరు జారితే మాకు తెలిసింది. ఆ ఇంట్లోనే ఇప్పటికీ ఉన్నాం.

అప్పు అని ఉంటే నేను తీసుకుని ఉండను. ఎందుకంటే తీర్చగలనో లేదో ఆ పొద్దు నాకే తెలీదు.

పొదుపక్క · శనివారం సాయంత్రం 6:50

అమ్మణ్ణీ, నా మాట వెనక్కి తీసుకోను గాని నీ మాట కూడా కొట్టెయ్యలేను. సంఘంలో నేను చూసేది వారం వారం మీటింగుకు వచ్చేవాళ్లను. అంత మునిగినోళ్లు మీటింగుకే రారు, అది నిజం.

డాలస్‌లో తిరపతోడు · ఆదివారం తెల్లవారుజామున 4:15

ఇక్కడ శనివారం సాయంత్రం. ఎస్వీ యూనివర్సిటీ రోజుల్లో బైరాగిపట్టెడలో బాడుగ రూములో ఉన్నోన్ని, చదువుతా ఉంటే గుర్తొచ్చింది.

ఇక్కడ ఇట్లాంటిదానికి 211 అని ఒక నంబరు ఉంది, 2000లో ఆ నంబరును దీనికే కేటాయించినారు. ఫోను చేస్తే మనం ఉండే ఊర్లో బాడుగకు, కరెంటు బిల్లుకు ఎవరు సాయం చేస్తారో చెప్తారు. చర్చి ఉండొచ్చు, సంఘం ఉండొచ్చు, కౌంటీ ఆఫీసు ఉండొచ్చు. చలికాలం హీటరు బిల్లులకు 1981 నుంచి లైహీప్ అని కేంద్ర పథకం ఉంది. కోవిడప్పుడు బాడుగల కోసం ఇక్కడి కాంగ్రెసు (అమెరికా పార్లమెంటు) రెండు విడతల్లో 46 బిలియన్ డాలర్లు దాటి ఇచ్చింది.

అమ్మణ్ణి గారు చెప్పిన టీచరమ్మ పద్ధతే ఇక్కడా ఎక్కువగా చూస్తాం. డబ్బు మనిషి చేతికి కాదు, నేరుగా ఓనరుకో కరెంటు కంపెనీకో పోతుంది.

కాని 46 బిలియన్లు ఉండి కూడా మొదట్లో జనానికి చేరలేదు. జీతం కాగితం, ఒప్పందం కాగితం, ఆ కాగితం, ఈ కాగితం. 2021 ఆగస్టుకు వచ్చేటప్పటికి, అడిగేవాళ్లు సంతకం పెట్టి చెప్పిన మాటనే రుజువుగా తీసుకుని ఇచ్చెయ్యండని ఇక్కడి ఆర్థిక శాఖ ట్రెజరీయే చెప్పాల్సి వచ్చింది. మీరు 14 మంది ఒక్క రాత్రిలో చేసినారు చూడండి, అంత డబ్బుతోనూ కొనలేనిది అదే. దాన్ని ఫారాలు పెట్టి చెడగొట్టుకోవద్దు.

నేను 5,000 పంపిస్తా. ఎవరికి పంపాల?

సంగటి ముద్ద · ఆదివారం ఉదయం 7:30

చూసినారా, అప్పుడే డాలర్లు దిగినాయి. ఇక్కడే మొదలవుతాది గొడవ. ఎవరి ఫోన్‌పేకి పంపుతాడు? రేపు ఆ కుర్రోని ఖాతాలో లక్ష చేరిందనుకో, వాడి సొంత డబ్బేది, నిధి డబ్బేది?

చిత్తూరు మామిడి · ఆదివారం ఉదయం 9:00

మాది చిత్తూరు, గిరింపేట వైపు. మా మసీదులో బైతుల్‌మాల్, అంటే సాయం నిధి ఉంది. జకాత్ అంటే నిల్వ ఉన్న సొమ్ములో నూటికి రెండున్నర చొప్పున ఏడాదికోసారి తీసి పెట్టేది, ఆ సొమ్ము, ఇంకా జనం వేసేది అంతా అక్కడ చేరుతుంది. మా నాయన పదేళ్లు అందులో లెక్క రాసినాడు. చూసి నేర్చుకున్నది చెప్తాను.

ఒకటి, డబ్బు పెట్టే మనిషి, పుస్తకం రాసే మనిషి, ఇయ్యాలని చెప్పే మనిషి ముగ్గురూ వేరు. సంగటి అన్న దగ్గర ఇద్దరి పని ఒక్కడే చేసినట్టున్నాడు. రెండు, పుస్తకంలో తీసుకున్నోళ్ల పేరు ఉండదు. "కరెంటు, 1,140, ఫలానా తేదీ" అంతే. పేరు మా నాయనకు తెలుసు, ఇంకొకాయనకు తెలుసు. మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు, ఆమె ఆ కోపం ఇప్పటికీ పెట్టుకుంది.

మామిడి ధర పడిపోయిన ఏడాది చూడాల మీరు. తోతాపురి కొనేవాళ్లు లేక ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బార్లు తీరితే, కాయ కోసే కూలోడికి, మోసే హమాలీకి, ట్రాక్టరు డ్రైవరుకు అందరికీ ఒకేసారి బాడుగ ఆగుతుంది. అప్పుడు ఏ నిధీ చాలదు. వీధి నిధి ఒకరిద్దరు జారితే పట్టుకునేదానికే. వీధి మొత్తం జారితే అది సర్కారు పని. అది ముందే ఒప్పుకుని మొదలుపెట్టండి, లేకపోతే మొదటి పెద్ద కష్టానికే గుండె పగిలి మానేస్తారు.

నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 9:20

ఒక సభ్యుడు ఆ ఓనరు ఇంటి నంబరు, ఫోటో పెట్టారు. తీసేశాను. మళ్లీ పెడితే ఖాతా కూడా తీసేస్తాను. డబ్బు పంపే నంబర్లు కూడా ఇక్కడ బహిరంగంగా పెట్టకండి.

నల్లకోటు · ఆదివారం ఉదయం 10:05

డాలస్ సోదరుడు ఆగాలి. వీధిలో పదిమంది వేసుకునేది వేరు, విదేశాల నుంచి చందా తీసుకోవడం వేరు, దానికి వేరే చట్టం ఉంది. మీ అమ్మానాన్నలు తిరుపతిలోనే ఉన్నారంటే వాళ్లు వాళ్ల డబ్బులోంచి వేస్తే ఏ గొడవా లేదు. నిధి పెరిగి పెద్దదయితే 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిసి రిజిస్టరు చేసుకోవచ్చు. ఇప్పుడే వద్దు. 2,000 రూపాయలకు బైలా రాసుకుంటే నవ్వుతారు.

కొర్లగుంట కుర్రోడు · ఆదివారం రాత్రి 9:50

అందరివీ రెండు సార్లు చదివినా. ఈ పొద్దు సాయంత్రం మేం ఎనిమిది మంది కూర్చున్నాం. అనుకున్నవి ఇవి, తప్పులుంటే చెప్పండి.

నెలకు మనిషి 200. ఇప్పటికి 21 మంది ఒప్పుకున్నారు. ఒక ఇంటికి ఏడాదిలో ఒక్కసారి, 5,000 మించకుండా. బాడుగ, కరెంటు, నీళ్ల ట్యాంకరు, గ్యాసు, ఇంతే. ఆస్పత్రి, పెళ్లి, ఫీజులు ముట్టుకోం, వాటికి మా 4,200 యాడ చాలుతుంది. దుడ్లు ఎవరి చేతికీ ఇయ్యం. కరెంటయితే బిల్లు మీదుండే సర్వీసు నంబరుకు మేమే కట్టేస్తాం, బాడుగయితే ఓనరు ఖాతాకు. అడిగిన 24 గంటల్లో అవునో కాదో చెప్పాల. ఫోటో లేదు. అప్పు అని రాయం, దానం అని కూడా రాయం. మళ్లీ ఎప్పుడైనా 200 వెయ్యాలనిపిస్తే అందరి మాదిరే వేస్తారు, లేకపోతే లేదు.

పొదుపక్కా, ఆ అక్క సంఘంలో లేదు. నాలుగేళ్ల కిందట పుత్తూరు దిక్కు నుంచి వచ్చినారు. మీకు తెలిసిన సంఘంలో చోటుంటే చెప్పండి.

చిత్తూరు అన్న చెప్పిన మూడో మనిషి దొరకలేదు. డబ్బు నా స్నేహితుని దగ్గర, ఇయ్యాలో వద్దో మేం ముగ్గురం చూస్తాం, పుస్తకం రాసేదానికి ఎవరూ ముందుకు రాలేదు.

సంగటి ముద్ద · ఆదివారం రాత్రి 10:12

పుస్తకం నాకియ్యండి. నేను ఎవర్నీ నమ్మను, నన్ను కూడా నమ్మొద్దు, నెలకోసారి పుస్తకం ఫోటో గ్రూపులో పెడతా. మూడు నెలలు చూస్తా. నాలుగో నెలలో పెద్దమ్మ కొడుకు వచ్చినాడంటే పుస్తకం మీ గేటు మీద విసిరేసి పోతా.

కొర్లగుంట కుర్రోడు · పది రోజుల తర్వాత, బుధవారం రాత్రి 8:30

అప్‌డేట్ అడిగినారు కాబట్టి. బండి నడుస్తా ఉంది. నిన్న ఏడున్నరకు పోతే ఇడ్లీ అయిపోయింది, కారంపొడి మాత్రం మిగిలుంది.

ఓనరుతో పెద్దాయన, అదే లైన్ల మీద బతికిన సారు, స్వయంగా వచ్చి మాట్లాడినాడు. నేను కొట్లాట అవుతుందనుకున్నా. ఇద్దరూ గేటు కాడ నిలబడి కాగితం మీద గంటసేపు యూనిట్లు గుణించుకున్నారు. వేరే మీటరుకు ఓనరు ఒప్పుకున్నాడు, సంతకం పెడతానన్నాడు. అయితే వచ్చే నెల నుంచి బాడుగ 5,800 అన్నాడు. మాకు కోపం వచ్చింది గాని అక్కే లెక్క వేసి చెప్పింది. "కరెంటులో మిగిలేదానికంటే ఇది తక్కువే కదా అబ్బోడా, ఊరుకో" అని. ఇంకా ఒక నెల బాడుగ బాకీ ఉంది, దానికి కంతులు ఆయనే ఒప్పుకున్నాడు, వారానికి 500.

లాడ్జీ వాళ్లు ఆయన్ను మళ్లీ తీసుకుంటారో లేదో చెప్పడం లేదు.

నిధిలోంచి ఈ పది రోజుల్లో రెండు పోయినాయి. ఒకటి కరెంటు 870, ఒకటి గ్యాసు. మూడోది ఒకాయన ఫోను కంతుకు అడిగినాడు, లేదన్నాం, గ్రూపులోంచి బయటికి పోయినాడు.

ఆటోనగర్ అమ్మణ్ణి · బుధవారం రాత్రి 8:55

మా సందులో ఒక ముసలామె ఉంది. పింఛను 4,000 వస్తుంది, బాడుగ 2,500, మిగిలిందాంతో ఎట్లనో నెట్టుకొస్తుంది. ఈ నెల కొళాయి రాక ట్యాంకరు వాటా కింద 600 అడుగుతున్నారు. మీది కొర్లగుంట, మాది ఆటోనగర్. అడగొచ్చా?

కొర్లగుంట కుర్రోడు · బుధవారం రాత్రి 9:01

మధ్యలో ఎంత దూరమక్కా. ట్యాంకరు ఆయన నంబరు నాకు విడిగా పంపు, ఆమె పేరు వద్దు. రేపు మధ్యాహ్నం లోపల చెప్తా.

సంగటి ముద్ద · బుధవారం రాత్రి 9:04

నీళ్లు, 600, గురువారం. రాసుకున్నా. ఔనన్నాకే సిరా పూస్తా, ఇప్పటికి పెన్సిలు. ఒరే కుర్రోడా, మీ అమ్మ మిక్సీ సంగతి ఏమైంది?

కొర్లగుంట కుర్రోడు · బుధవారం రాత్రి 9:10

కాయిలు కాలిపోయిందంట, 650 అయింది. నిధిలో రాయొద్దన్నా, అది మా అమ్మ లెక్క.